యానాంలో మా కట్టెల అడితి

నాన్న సంవత్సరీకం అయ్యాక పాండిచ్చేరి ఇంట్లో అటక మీద సామాను దింపుతుంటే ఒక రేకు పెట్టె బయటపడింది. అందులో పాత రేషన్ కార్డులు, మామ్మ నోముల పుస్తకం, వాటి కింద ఎర్ర గుడ్డ అట్ట వేసిన పొడుగాటి పద్దు పుస్తకాలు మూడు ఉన్నాయి. తాతయ్య చేతిరాత. 1956 నుంచి 1961 దాకా యానాంలో మన కట్టెల అడితి లెక్కలు.

ఇలాంటివి దొరికితే మనం ముందు వెతికేది పేర్లు. ఎవరి పెళ్ళికి ఎంత ఖర్చయింది, ఎవరికి అప్పిచ్చారు, ముత్తాత ఇంటిపేరు ఎలా రాసేవారు, ఇవీ మన ఆరాటాలు. నేనూ అదే పని మీద కూర్చున్నాను. కానీ పేజీ తరవాత పేజీ తిప్పుతుంటే కళ్ళకి తగులుతున్నది వేరే మాట. "మడ కర్ర, పడవ 1." "తిల్ల, అర పడవ." "పొన్న గుంజలు." మళ్ళీ "మడ కర్ర." వరదల నెలలు తీసేస్తే దాదాపు వారానికో పడవ. అలా అయిదేళ్ళు.

ఇంతకు ముందు ఇక్కడ మన కుటుంబం గురించి చాలా రాశాను. ఫ్రెంచివాళ్ళ యానాం, మంగళవారం సంత, 1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య గారు, ఆయన వెంట వచ్చినవాళ్ళు ఊరిని చేతిలోకి తీసుకున్న రోజు, 1962 తరవాత నాన్న గుమస్తా ఉద్యోగానికి పాండిచ్చేరి రావడం. ఇప్పుడు వెనక్కి తిరిగి చదువుకుంటే ఒకటి కనపడింది. ఆ కథలన్నిటిలోనూ మనకి ఏదో ఒకటి జరుగుతూ ఉంటుంది. తుఫాను వచ్చింది, వరద వచ్చింది, రేవు పూడిపోయింది, వ్యాపారం పోయింది. మనం ఏం చేశామో మాత్రం ఎక్కడా లేదు. అది ఈ పద్దు పుస్తకాల్లో ఉంది. అందుకే ఈసారి ఇది రాస్తున్నాను. కొందరికి నచ్చకపోవచ్చు, ముఖ్యంగా బాబాయి వైపు వాళ్ళకి. రాసేముందు వాళ్ళకి చెప్పాను.

యానాం చూడని పిల్లల కోసం కాస్త ఊరి సంగతి. గౌతమీ గోదావరి సముద్రంలో కలవబోయే ముందు, దాన్నుంచి కోరంగి పాయ విడిపోయే చోట ఉంటుంది యానాం. చుట్టూ ఆంధ్ర, మధ్యలో 30 చదరపు కిలోమీటర్ల పుదుచ్చేరి. 2011 జనాభా లెక్కల్లో 55,626 మంది. అవతల ఒడ్డు ఎదుర్లంక. ఇప్పుడు బాలయోగి గారి పేరు మీద వారధి ఉంది గానీ, నా చిన్నప్పుడు పంటు ఎక్కి దాటాల్సిందే. ఊరి పేర్లు చూడండి: దరియాలతిప్ప, ఇసుకతిప్ప, కింద సముద్రం వైపు బలుసుతిప్ప. తిప్ప అంటే నది, సముద్రం కలిసి పోసిన మెరక. నిన్నటిదాకా నీళ్ళు ఉన్న చోట ఇవాళ నేల, రేపు మళ్ళీ నీళ్ళు. యానాంలోనే ఇంకో పేట పేరు అడవిపొలం. ఒక్క మాటలో అడవీ ఉంది, పొలమూ ఉంది. అక్కడ ముందు ఏముందో, తరవాత ఏమయిందో చెప్పడానికి వేరే శాసనం అక్కర్లేదనుకుంటాను.

ఆ అడవి మడ అడవి. ఉప్పునీటిలో, బురదలో నిలబడే చెట్లు. తెల్లమడ, నల్లమడ బురదలోంచి పెన్సిళ్ళలా వేళ్ళు పైకి పంపి ఊపిరి పీలుస్తాయి. ఉప్పుపొన్న కొమ్మల నుంచి గుంజల్లాంటి వేళ్ళు దింపుకుని నిలబడుతుంది. తిల్ల చెట్టు కొడితే పాలు కారతాయి, అవి కంట్లో పడితే చూపుకే ప్రమాదం. ఈ వేళ్ళ మధ్య ఒండ్రు ఆగుతుంది, చేపపిల్లలు, రొయ్యపిల్లలు, పీతలు పెరుగుతాయి. యానాం పక్కనుంచే మొదలయ్యే ఈ అడవిలో 235 చదరపు కిలోమీటర్ల పైచిలుకు భాగాన్ని 1978లో కోరంగి అభయారణ్యం చేశారు. మనవాళ్ళు సెలవులకి వెళ్ళి చెక్కల వంతెన మీద ఫోటోలు దిగి వచ్చేది అక్కడే.

కోరంగి అంటే ఇవాళ అడవి. ఒకప్పుడు రేవు. ఓడలు కట్టేవాళ్ళు, మరమ్మతులు చేసేవాళ్ళు. యానాంలో ఫ్రెంచివాళ్ళు (1723లో మొదటిసారి వచ్చి, కొన్నేళ్ళకే వదిలేసి, 1731లో మళ్ళీ వచ్చారు), దగ్గర్లోనే ఇంజరంలో ఇంగ్లీషువాళ్ళు, ఇద్దరికీ కావలసింది ఇక్కడి నేత బట్ట. పడమటి నుంచి బట్ట, కలప గోదావరి మీద వచ్చేవి, ఇక్కడ ఓడ ఎక్కేవి. తరవాత మనుషులూ ఎక్కారు. బర్మాలో తెలుగు కూలీలని ఏ ఊరివాళ్ళనైనా సరే 'కోరంగీలు' అన్నారంటే కారణం ఈ రేవే. ఆస్ట్రేలియాలో ఉన్న మన బంధువులకి ఒక చిన్న ముచ్చట: అక్కడి పగడాల సముద్రంలో కోరింగా పేరుతో చిన్న దీవులున్నాయి. 1845లో అక్కడ మునిగిన 'కోరింగా ప్యాకెట్' అనే ఓడ పేరు వాటికి మిగిలింది.

ఆ రేవుని రెండు దెబ్బలు తీశాయి. ఒండ్రు పూడిక ఒకటి, ఉప్పెనలు ఒకటి. 18వ శతాబ్దం చివర్లో ఒక ఉప్పెన, 1839 నవంబరులో ఇంకొకటి. 'సైక్లోన్' అనే ఇంగ్లీషు మాటని పుట్టించిన హెన్రీ పిడింగ్టన్ కలకత్తాలో కూర్చుని రాసిన పుస్తకంలో కోరంగిని ముంచిన మూడు అలల కథ ఉంది. 1839లో మూడు లక్షల మంది పోయారని ఎక్కడ చూసినా రాస్తారు. అప్పటి కోరంగి ఎంత ఊరో తెలిసినవాళ్ళెవరూ ఆ అంకె నమ్మలేరు, నేను దాన్ని వాడను. పోయినవాళ్ళు పోయారు, రేవు పోయింది, వ్యాపారం కాకినాడకి వెళ్ళింది. మనింట్లో చెప్పుకునే కథ ఇక్కడితో ఆగుతుంది: "అప్పట్నించీ మన దశ తిరిగింది." కానీ ఆ తరవాత కూడా నూట యాభై ఏళ్ళు మనం అక్కడే ఉన్నాం కదా. ఏం తిని బతికాం?

కట్టెలు అమ్మి. మామ్మ చెప్పేది, ముత్తాత కాలం నుంచీ అడితి గోదారి గట్టునే ఉండేదని. కోరంగి కాలవల్లోంచి పడవలు తెల్లారకట్ట పోటు మీద వచ్చేవి. లోపలికి వెళ్ళి కొట్టుకొచ్చేది పల్లెకారులు. మోకాలి లోతు బురదలో, తిల్ల పాలకి భయపడుతూ కొట్టినందుకు వాళ్ళకి దక్కింది ఎంతో, అమ్మినందుకు మనకి మిగిలింది ఎంతో రెండూ పద్దులో పక్కపక్కనే ఉన్నాయి. ఆ తేడా ఇక్కడ రాయడానికి నాకు మొహం చెల్లడం లేదు. సన్న కర్ర పొయ్యిలోకి, లావు కర్ర గుల్లసున్నం బట్టీలకి, పొన్న గుంజలు ఇళ్ళకీ వలలు కట్టడానికీ. యానాంలో ఇవాళ కూడా మందపాటి గోడల పాత ఇళ్ళు చూసి "ఫ్రెంచి కట్టడం" అని మురిసిపోతాం. ఆ గోడల్లో ఉన్నది సముద్రపు గుల్ల, దాన్ని కాల్చింది కర్ర.

ఇంకో సంగతి. 1929లో బాల్యవివాహాలని ఆపుతూ శారదా చట్టం వచ్చినప్పుడు అది ఇంగ్లీషువాళ్ళ రాజ్యంలో చెల్లింది గానీ ఫ్రెంచి యానాంలో చెల్లలేదు. జిల్లా జిల్లాల నుంచి చిన్నపిల్లలని బళ్ళ మీద, పడవల మీద తెచ్చి ఇక్కడ పెళ్ళిళ్ళు చేశారు. ఊరికి కల్యాణపురం అనే పేరు అలా వచ్చింది. మామ్మ ఆ రోజుల గురించి నవ్వుతూ చెప్పేది: ముహూర్తాలున్న నెలల్లో అడితిలో పుల్ల మిగిలేది కాదట, వంటలకి చాలక కాలవల్లోకి పడవలని ఎదురు పంపేవారట. ఆ నవ్వు వెనక ఎంతమంది పిల్లల బతుకులున్నాయో అది వేరే వ్యాసం. ఇక్కడ చెప్పేది ఒకటే, ఆ పొయ్యిలకి కట్టె మనదే.

"అప్పుడు గ్యాసు లేదు, కరెంటు లేదు, కట్టె కాకపోతే దేంతో వండుకుంటారు?" అని అన్నయ్య అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. ఒక ఇల్లు వండుకోవడానికి ఏరుకునే పుల్లలతో మడ అడవి చావదు. చెట్టు మళ్ళీ చిగురిస్తుంది. పూర్తిగా నరికేసిన చోట సంగతి వేరు. అది నేను నేర్చుకున్నది యానాంలో కాదు, ఇక్కడికి రెండు గంటల దూరంలో ఉన్న పిచ్చవరంలో. మీలో చాలామంది పడవ ఎక్కే ఉంటారు. అక్కడ అడవిని తెల్లదొరల కాలం నుంచీ కూపులుగా విడగొట్టి, వంతులవారీగా మొత్తం కొట్టేశారు. చెట్టు పోయిన బురద నేల ఎండకి ఎండి, కుంగి, తొట్టిలా అయింది. పోటుకి వచ్చిన సముద్రపు నీరు ఆ తొట్టిలోంచి పాటుకి బయటికి పోలేక అక్కడే ఆగి ఆవిరవుతుంది. ఉప్పు మిగులుతుంది. ఏటా ఇంకాస్త ఉప్పు. చివరికి ఉప్పులో పుట్టిన మడ మొక్క కూడా అక్కడ బతకదు. ఎం.ఎస్. స్వామినాథన్ ఫౌండేషన్ వాళ్ళు 1990లలో ఇది కనిపెట్టి, చేపముల్లు ఆకారంలో కాలవలు తవ్వి, పోటూపాటూ మళ్ళీ ఆడేలా చేసి మొక్కలు నాటారు. అదే పని తరవాత గోదావరి మడల్లోనూ, అటవీ శాఖతో, చుట్టుపక్కల పల్లెలతో కలిసి చేశారు. అంటే కొట్టెయ్యడం పదేళ్ళ పని అయితే, తిరిగి మొలిపించడానికి ముందు నీటికి దారి తవ్వాలి, ఆ తరవాత ఎదురు చూడాలి.

ఇక్కడ నాకు ఒక సుఖమైన దారి కనపడింది. ఒప్పుకుంటాను, కొన్ని నెలలు దాన్నే పట్టుకున్నాను. గోదావరి మొగ పాడవడానికి అసలు కారణం పైన ఉంది. ఆంధ్రా యూనివర్సిటీ పరిశోధకులు 2004లో 'కరెంట్ సైన్స్' పత్రికలో లెక్క చెప్పారు: 1970లలో గోదావరి ఏటా దాదాపు 15 కోట్ల టన్నుల ఒండ్రు మోసుకొచ్చేది, 1990లకి అది ఆరు కోట్ల టన్నుల లోపుకి పడిపోయింది. మిగతాది పైన కట్టిన జలాశయాల్లో ఆగింది. కొత్త మట్టి రాకపోతే డెల్టా అంచుని సముద్రం తినేస్తుంది. 1976 నుంచి 2001 లోపల పోయిన నేల, చేరిన నేల తీసివేయగా సుమారు 18 చదరపు కిలోమీటర్లు పోయిందట. అంటే సగానికి పైగా యానాం. జాయక్వాడి, శ్రీరాంసాగర్, ఎన్ని పేర్లు! వాటి ముందు మన అడితి ఎంత? ఆరు పడవలా, అరవై పడవలా?

కానీ ఆ నీళ్ళు తాగింది ఎవరు? 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాటన్ దొరని గోదావరి జిల్లాలు దేవుణ్ణి చేసుకున్నాయి, తప్పు కాదు. అంతకు ముందు కరువులకి జనం ఎలా రాలిపోయారో విన్నవాళ్ళకి ఆ భక్తి అర్థమవుతుంది. మన చెయ్యి కాలవ నీటితో పండిన అన్నంలో ఉంది. మరాఠ్వాడా రైతుకీ, నిజామాబాదు రైతుకీ కూడా అన్నమే కావాలి. పెద్ద కారణాలు పెద్దవని ఒప్పుకుంటూనే, వాటి నీడలో మన చిన్న పద్దుని దాచెయ్యకూడదని అక్కడే నాకు తట్టింది. పైగా చిన్నదైన ఆ పద్దు తాతయ్యతో ఆగలేదు. తరవాతి పేజీలో నేనూ ఉన్నాను.

1991 వేసవి. నాకు పన్నెండేళ్ళు. అడితి అప్పటికే మూతపడింది. ఊళ్ళో గ్యాసు పొయ్యిలు వచ్చేశాయి, అభయారణ్యం చేశాక కర్రకి కాపలా పెరిగింది. బాబాయి కోరంగి వైపు కొన్న నాలుగెకరాల్లో రొయ్యల చెరువు తవ్వించాడు. అందులో సగం వరి మడి, సగం కాలవ పక్కన మడ పొదలు. ప్రొక్లెయినర్ ఆ పొదలని లాగి పారేస్తుంటే చూడటానికి మాకు అదో తిరునాళ్ళ. ఆ రోజుల్లో టైగర్ రొయ్య అంటే బంగారం. మాస్టారు, గుమస్తా, డాక్టరు, అందరికీ ఏదో ఒక చెరువులో వాటా. చెరువుకి పిల్ల కావాలి. హేచరీలు అప్పటికి అంతగా లేవు, పిల్లని కాలవల్లోంచే పట్టేవాళ్ళు.

ఎలా పట్టేవాళ్ళో చెబుతాను, ఎందుకంటే అది నా చేత్తో చేశాను. దోమతెర గుడ్డతో కుట్టిన వలని ఇద్దరు ఆడవాళ్ళు నడుం లోతు నీళ్ళలో లాగుతారు. వలలో పడిందంతా సిల్వర్ బేసిన్‌లో పోస్తారు. అందులోంచి తెల్ల పళ్ళెంలోకి కొంచెం కొంచెం తీసుకుని, గుల్ల చిప్పతో టైగర్ పిల్లని ఏరాలి. ఒంటి మీద గోధుమరంగు గీత, వెంట్రుక మందం. భైరవపాలెం నుంచి వచ్చిన ఒక అక్క నాకు నేర్పింది. నా కళ్ళు బాగుండేవి, చకచకా ఏరేవాణ్ణి, బాబాయి మెచ్చుకునేవాడు. పళ్ళెంలో మిగిలినది, అంటే కట్టిపరిగ పిల్లలు, పీత పిల్లలు, వేరే రొయ్యలు, పేరు తెలియని గాజుముక్కల్లాంటివి, అన్నీ గట్టు మీద పారబోసేవాణ్ణి. నీళ్ళు నాలుగడుగుల దూరంలో ఉన్నాయి. తిరిగి నీళ్ళలో పొయ్యమని ఎవరూ చెప్పలేదు, నాకూ తోచలేదు. ఒక్క పిల్ల కోసం ఎన్ని పారబోశానో లెక్కపెట్టలేదు. సాయంత్రానికి గట్టు మీద అవి ఎండి వాసన కొట్టేవి, కాకులు వాలేవి. ఆ వేసవి నాకు ఇచ్చిన డబ్బుతో ఒక క్యాసెట్ ప్లేయర్ కొనుక్కున్నాను.

తరవాత జరిగింది కోస్తాలో అందరికీ తెలిసిన కథే. 1994, 95లలో తెల్లమచ్చ వచ్చి చెరువులకి చెరువులు రెండు మూడు రోజుల్లో తుడిచిపెట్టుకుపోయాయి. బాబాయి చెరువూ పోయింది. పక్క చేనులో కొబ్బరి వాడిపోయిందని, మంచినీళ్ళ బావి ఉప్పుబారిందని పక్కాయన గొడవకి వచ్చాడు. "నీ చెరువు వల్లే" అన్నాడు. బాబాయి "నా ఒక్కడిదేనా చెరువు?" అన్నాడు. ఆ మాట నాకు ఎందుకు గుర్తుండిపోయిందంటే, మన కుటుంబంలో ఇప్పటికీ ఏ విషయంలోనైనా వచ్చే జవాబు అదే.

1996 నవంబరు 6. పాండిచ్చేరిలో మేం రేడియో దగ్గర కూర్చున్నాం. కాకినాడకి దక్షిణాన తీరం దాటింది. యానాం, బలుసుతిప్ప, భైరవపాలెం, కోనసీమ మొత్తం. వెయ్యి మందికి పైగా పోయారు, వాళ్ళలో చాలామంది వేటకి వెళ్ళినవాళ్ళు. నాన్న నాలుగు రోజుల తరవాత అక్కడికి చేరాడు. బాబాయి కుటుంబం పాత ఇంటి మందపాటి గోడల మధ్య బతికింది. గుల్ల కాల్చి కట్టిన ఆ గోడలే. నాకు పిల్ల ఏరడం నేర్పిన అక్క ఇంటి నుంచి వేటకి వెళ్ళిన ఇద్దరు తిరిగి రాలేదు. సముద్రం మీద ఉన్నవాణ్ణి ఏ మడా కాపాడలేదు, అది నాకు తెలుసు. మన పడవల కర్రకీ ఆ ఇద్దరికీ నేను ముడి వెయ్యను. కానీ ఒడ్డున ఉన్నవాళ్ళ సంగతి వేరు. 1999లో ఒడిశాలో వచ్చిన పెను తుఫాను మీద సౌదామిని దాస్, జెఫ్రీ విన్సెంట్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు కేంద్రపడా జిల్లాలో ఊరూరూ లెక్కగట్టి 2009లో ప్రచురించారు. సముద్రానికీ ఊరికీ మధ్య మడ అడవి ఎంత వెడల్పుగా ఉంటే అంత తక్కువ మంది చనిపోయారు. అది చదివిన రాత్రి మళ్ళీ పద్దు తెరిచి పడవలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. సగంలో ఆపేశాను.

తుఫాను వచ్చిన నెలా అయిదు రోజులకి, డిసెంబరు 11న, సుప్రీంకోర్టు జగన్నాథ్ కేసులో తీర్పు ఇచ్చింది. తీరానికి అయిదు వందల మీటర్ల లోపల రొయ్యల చెరువులు తీసెయ్యాలి, పాడుచేసినవాళ్ళే పరిహారం కట్టాలి అని. మన బంధువుల్లో చాలామంది దాన్ని తిట్టిపోశారు. కానీ చెరువులు నిలిచాయి, 2005లో కొత్త చట్టం వచ్చింది, ఆ తరవాత వనామీ వచ్చింది, మళ్ళీ అదే పరుగు. 2020లో కాకినాడ దుమ్ములపేట దగ్గర మడ నరికి మెరక చేసినది పేదల ఇళ్ళ స్థలాల కోసం. దాని మీద హరిత ట్రిబ్యునల్‌కి వెళ్ళినవాళ్ళని ఏమనాలి, ఇల్లు లేనివాళ్ళకి ఏం చెప్పాలి? నాకు సులువైన జవాబు లేదు. ఇల్లు ఉన్నవాణ్ణి కాబట్టి గొంతు పెంచను.

"మేం ఊరు వదిలేసి యాభై ఏళ్ళయింది, ఇప్పుడు మాకేం సంబంధం?" అనేవాళ్ళకి ఒక్క మాట: పులస. పుస్తెలమ్మైనా పులస తినాలనే మాటని మనం పొరుగు రాష్ట్రాల్లో, పొరుగు దేశాల్లో కూడా గొప్పగా చెప్పుకుంటాం. సముద్రంలో ఉన్నప్పుడు అది విలస. ఎర్రనీళ్ళు రాగానే గుడ్లు పెట్టడానికి గోదారికి ఎదురెక్కుతుంది, అప్పుడు పులస. పైకి పోయి పోయి ధవళేశ్వరం దగ్గర గోడకి తగులుకుని ఆగుతుంది. ఆ లోపలే యానాం, ఎదుర్లంక దగ్గర వలలు కాచుకుని ఉంటాయి. గుడ్లున్న దానికే రేటు ఎక్కువ. రేటు పెంచింది యానాం జాలరి కాదండీ. హైదరాబాదు నుంచి, చెన్నై నుంచి, అమెరికా నుంచి సెలవులకి వచ్చి "ఎంతైనా సరే" అన్నది మనం. నేనూ ఏటా తెప్పించుకున్నాను. థర్మోకోల్ డబ్బాలో ఐసు వేసి సర్కార్ ఎక్స్‌ప్రెస్‌లో చెన్నై దాకా వచ్చేది, నేను స్టేషనుకి వెళ్ళి తెచ్చుకునేవాణ్ణి. ఇప్పుడు ఒక్కో చేప వేలల్లో ఉంది, సీజను మొత్తానికి కొన్నే పడుతున్నాయి. ఆనకట్ట గోడ నేను కట్టలేదు. డబ్బా మాత్రం నా పేరు మీదే వచ్చింది.

మూడేళ్ళ కిందట బాబాయి పోయాడు. ఆ నాలుగెకరాలు ఇప్పుడు మా నలుగురి పేర్ల మీద ఉన్నాయి. నేను, అన్నయ్య, బాబాయి కొడుకు, కూతురు. తుఫాను తరవాత చెరువు అలాగే వదిలేశారు. దినకర్మలకి వెళ్ళినప్పుడు చూశాను. తూర్పు గట్టు తెగిపోయి ఎన్నాళ్ళయిందో, పోటు నీరు లోపలికి వచ్చి పోతోంది. ఆ నీటితో వచ్చిన తెల్లమడ గింజలు వాటంతట అవే పడి మొలిచాయి. తిల్ల కూడా. కొన్ని నా భుజం దాకా ఉన్నాయి. ఎవరూ నాటలేదు, ఎవరూ తవ్వలేదు. గట్టు తెగింది, అంతే. నేను పిల్ల ఏరిన గట్టు ఏదో గుర్తుపట్టలేకపోయాను.

పోయిన ఏడాది వనామీ వేసుకునే ఒకాయన లీజుకి అడిగాడు. మంచి రేటే. గట్టు కట్టుకుంటాడు, లోపలంతా శుభ్రం చేసుకుంటాడు. శుభ్రం అనే మాట వాడిందీ ఆయనే. అన్నయ్య సంతకం పెట్టాడు. చెల్లెలు "మీరెలా అంటే అలా" అంది. తమ్ముడు కాగితం నాకు పంపించాడు. నేను వారం రోజులు దగ్గర పెట్టుకుని ఫోన్ చేసి వద్దురా అన్నాను. వాడు కాసేపు మాట్లాడలేదు. తరవాత, "నువ్వు అక్కడ జీతం తీసుకుంటూ వద్దంటే సరిపోతుంది అన్నయ్యా. పాప ఇంజనీరింగ్ ఫీజు నేను కట్టాలి. మన తాతయ్య అడితి డబ్బుతోనే కదా పెదనాన్న చదువుకుని గుమస్తా అయ్యాడు, ఆ ఉద్యోగంతోనే కదా నువ్వు పాండిచ్చేరిలో పెరిగావు. మడ కొట్టి పైకొచ్చినవాడివి నువ్వు. ఇక్కడే ఉండిపోయిన నన్ను ఆపుతావా?" అన్నాడు.

దానికి ఎదురు చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. వాడు చెప్పింది పద్దులో ఉన్నదే. మడ కర్ర పడవలున్న పేజీల మధ్యే, 1958లో, "కాకినాడ, చదువు ఖర్చు" అని నాన్న పేరు మీద రాసి ఉంది.

చివరికి ఇలా తేల్చుకున్నాం. లీజు ఇవ్వలేదు. తమ్ముడి వాటాకి వచ్చే లీజు సొమ్ము ఏటా నేనూ అన్నయ్యా కలిసి వాడికి పంపుతున్నాం, మూడేళ్ళకి ఒప్పుకున్నాం. అన్నయ్య సంతోషంగా ఒప్పుకున్నాడని అనను. మూడేళ్ళ తరవాత ఏం చేస్తామో నాకూ తెలీదు. నాలుగెకరాల మడతో గోదావరి మొగ నిలబడిపోదు. పులస డబ్బా తెప్పించడం మానేశాను, ఇంట్లో ఇంకా ఆ గొడవ ఉంది.

మొన్న తమ్ముడు ఫోన్ చేసి, చెరువులో మండపీతలు దొరుకుతున్నాయని చెప్పాడు. పోటు తీశాక మొక్కల మొదట్లో బొరియల్లో ఉంటున్నాయట. కేజీల్లెక్కన యానాం మార్కెట్లో ఇస్తున్నాడు. ఎంతకి అమ్ముతున్నావురా అంటే చెప్పలేదు, నవ్వాడు.

పద్దు పుస్తకాలు మూడూ స్కాన్ చేయించాను, అడిగినవాళ్ళకి పంపుతాను. 1961 తరవాతి పుస్తకాలు మన పెద్ద మేనత్త ఇంట్లో ఉండాలి, విశాఖపట్నం వాళ్ళు ఎవరైనా ఒకసారి అటక చూడండి. 1996కి ముందు యానాంలో తీసుకున్న ఫోటోల్లో వెనకాల గోదారి గట్టు గానీ, దరియాలతిప్ప వైపు చెట్లు గానీ కనపడేవి మీ ఆల్బముల్లో ఉంటే అవీ పంపండి. మనుషుల మొహాలు స్పష్టంగా లేకపోయినా ఫర్వాలేదు.